చావింటి కట్టెలు

"ఆగండి! ఆ కట్టెలు ఎక్కడివి?"

కూతురు తియామికె శవం పక్కన కూర్చున్న నాఫిరి, వాకిట్లోకొస్తున్న ఆడవాళ్ళ నెత్తిన మోపులు చూసి లేచి వచ్చేసింది. చావింట్లో వంటకి ఇంటికింత కట్టె తేవడం ఆ ఊరి ఆచారం. బోడి కొండ మీద మళ్ళీ లేచిన అడవిలో ఒక్క కొమ్మ కూడా విరవకూడదన్నది, అడవి సంఘం పెద్దగా ఆమె పెట్టిన కట్టుబాటు.

"మా అమ్మ పోయిననాడు కొండ కట్టెలని నా నెత్తి మీద మోపు దింపించావు, గుర్తుందా వదినా?" అంది అందరికీ ముందున్న నాంబేవె.

"గుర్తుంది. ఆ కసితోనే ఇవాళ నా బిడ్డ పేరు చెప్పి కొండెక్కారా?"

నాంబేవె మోపు దించి విప్పింది. పార పిడి, విరిగిన మంచం కోడు, అరిగిపోయిన రోకలి. వెనకావిడ తెచ్చింది తన ఇంటి తలుపు చెక్కలు.

నాఫిరి రోకలి చేతిలోకి తీసుకుంది. "ఇది మీ అమ్మది కదే! పొయ్యిలో పెడతావా? వెళ్ళి నాలుగు కొమ్మలు కొట్టుకు రండి. నేనే చెబుతున్నా."

"నువ్వు చెప్పినా కొట్టం." అంది నాంబేవె. "వాగు నుంచి నీళ్ళు మోసి ఆ మొక్కల్ని బతికించింది నీ కూతురు. దాని చావు కూటికి దాని చెట్లే నరకమంటావా?"

నాఫిరి రోకలిని నాంబేవె చేతుల్లో తిరిగి పెట్టింది. లోపలికి వెళ్ళి తియామికె కూర్చునే చిన్న పీట తెచ్చి, అందరికంటే ముందు పొయ్యిలో పెట్టింది.