రోజుకు అరంగుళం

పెరటి ఈతకొలను కారుతోందని కనిపెట్టింది నేనే. ఉదయం అంచుదాకా నింపిస్తే, సాయంత్రానికి స్కేలు మీద సరిగ్గా అరంగుళం తక్కువ. ఇంటికి కొత్త గది కడుతున్న మేస్త్రి చేతనే కొలను అడుగంతా తవ్వించాను.

“పగులెక్కడా లేదమ్మగారూ,” అన్నాడు మేస్త్రి.

“నా కొలత తప్పదు నాయనా. మొత్తం మళ్లీ కట్టు. ఈసారీ తగ్గితే స్కేలు నీ చేతికిచ్చి, కొలవడమే మానేస్తాను.”

మా ఆయనది జలుబు ఒళ్లు. ఆ నీళ్లలో కాలు పెట్టొద్దని ఏడాది క్రితమే కట్టడి చేశాను. అయినా మేస్త్రి దగ్గరికెళ్లి, “మెట్లు కాస్త వెడల్పుగా వెయ్యవయ్యా,” అన్నారు. ఉచిత సలహాలే అని ఊరుకున్నాను.

కొత్త కొలను నింపిన సాయంత్రం స్కేలు పెట్టాను. అరంగుళం తక్కువ.

మర్నాడు ఉదయం మళ్లీ అంచుదాకా నింపించి, మధ్యాహ్నం నా కునుకు మానుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. మా ఆయన పిల్లిలా వచ్చి, వెడల్పాటి మెట్టు మీద చతికిలబడ్డారు. నూట పది కిలోల మనిషి మెడదాకా మునిగేసరికి నీళ్లు అంచు దాటి పొర్లిపోయాయి.

స్కేలు పట్టుకుని వెళ్లి నిలబడ్డాను. “ఇప్పుడు మేస్త్రికి ఏం చెప్పమంటారు?”

“పగులు దొరికిందని చెప్పు,” అన్నారాయన కళ్లు తెరవకుండానే. “మెట్లు బాగా కుదిరాయని కూడా చెప్పు.”