అడ్డుగోడ

భర్త పోయిన రోజు, పలకరించడానికి వచ్చినవాళ్లు గుమ్మం దాటకముందే, మరిది కారు తాళాలు అడిగాడు.

టీచరమ్మ ఇవ్వలేదు.

"వదినా, అది మామూలు కారు కాదు. కాలు ఆనిస్తే చాలు, పిచ్చి గుర్రంలా దూకుతుంది. అన్నయ్యంటే అలవాటు పడ్డాడు. ఈ వయసులో నీకెందుకు?"

"నా వయసు కారుకి చెప్పకు. నువ్వు చెప్పేదాకా దానికి తెలీదు."

"నవ్వులాట కాదు. అమ్మేద్దాం."

"దానిమీద ఒక్క గీత పడనీ, నేనే తెచ్చి తాళాలు నీ చేతిలో పెడతాను. అప్పటిదాకా ఆ మాటెత్తకు."

అనడమైతే అంది. కానీ ఆమె నడిపింది బడికి వెళ్లొచ్చే చిన్న కారు. ఈ పసుపుపచ్చ స్పోర్ట్స్ కారులో ఎప్పుడూ పక్క సీటే ఆమెది.

అయినా ఆ ఇంజను చప్పుడు ఇంకొకరి గుమ్మంలో వినడానికి ఆమె సిద్ధంగా లేదు.

ఆదివారం పొద్దున్నే స్పోర్ట్స్ కార్లవాళ్లు పెట్రోలు బంకు దగ్గర కలుస్తారు. కొండమీది కొట్టులో టీ తాగి దిగుతారు. భర్త వెళ్లేవాడు. ఇప్పుడు ఆమె వెళ్లింది.

వాళ్లని చూస్తే ఆమెకి బెంచీల మీద పిల్లలు గుర్తొచ్చారు.

పళ్ల డాక్టరు బూట్లు దులుపుకుని గానీ కారెక్కడు. మీద ఆకు రాలితే రుమాలు పట్టుకుని పరిగెడతాడు. పుస్తకాలకి అట్టలు వేసుకుని, లోపల ముక్క రాయని రకం.

కాంట్రాక్టరు కారు కదలకముందే దాని చప్పుడుకి ఊరంతా లేస్తుంది. జవాబు రాకపోయినా అందరికంటే ముందు చెయ్యెత్తే రకం.

వకీలు తన కారు వేగం గురించి ఆపకుండా చెబుతాడు. వచ్చేది మాత్రం ఎవరి పక్క సీట్లోనో. ఎప్పుడడిగినా కారు సర్వీసులో ఉంటుంది. హోంవర్కు ఇంట్లో మర్చిపోయే రకం.

ఒక్క మనిషి మాత్రం ఏ బెంచీకీ సరిపడలేదు.

వెలిసిపోయిన నీలం కారు, తలుపుకి సొట్ట. ఎవరితోనూ మాట కలపడు. కొండ దారి మొదలయ్యేసరికి మాత్రం సరిగ్గా ఆమె ముందుకొచ్చి పడతాడు. మలుపు అల్లంత దూరాన ఉండగానే బ్రేకు లైటు వెలుగుతుంది. మలుపు సగం తిరిగాక గానీ వేగం అందుకోడు. అతను తగ్గితే ఆమె తగ్గాలి, అతను కదిలితే ఆమె కదలాలి.

హారన్ కొట్టి కొట్టి ఆమె చెయ్యి పడిపోయేది.

"వాడికి మేం అడ్డుగోడ అని పేరు పెట్టాం టీచరమ్మా," అన్నాడు కాంట్రాక్టరు. "మీరొచ్చాకే తగులుకున్నాడు. ఆడవాళ్లు ముందుంటే కొందరికి ముద్ద దిగదు."

ఆ మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. నేరుగా వెళ్లి నిలదీసింది.

"ఏవండీ, రోడ్డేమైనా మీ తాతగారిదా?"

"కాదమ్మా. మీ తాతగారిదీ కాదు."

"మరి దారెందుకివ్వరు?"

"అడిగితే ఎవరిస్తారు? తీసుకోండి."

ఆ తర్వాతి ఆదివారం తీసుకుంది.

పెద్ద మలుపుకి ముందున్న తిన్నని రోడ్డు మీద నీలం కారుని దాటేసింది. ఎదురుగా ఖాళీ రోడ్డు. మొదటిసారి మలుపూ తనూ మిగిలారు. కాలు తనంతట తనే బ్రేకు మీదికి వెళ్లింది, తనంతట తనే వదిలింది. కారు రోడ్డుని కరుచుకుని తిరిగింది.

టీ కొట్టు దగ్గర అతను కారు దిగీ దిగకముందే ఎదురెళ్లింది.

"ఇంకెప్పుడూ నా ముందు కనిపించకండి."

"అలాగేనమ్మా," అన్నాడు. టీ కూడా తాగకుండా కొండ దిగిపోయాడు.

కాంట్రాక్టరు ఈల వేశాడు. ఆమె అక్కణ్నుంచే మరిదికి ఫోను చేసింది.

"కారు అమ్మను. ఇక అడగకు."

అడ్డుగోడ మళ్లీ రాలేదు. ఎవరూ ఎందుకని అడగలేదు.

వానలు తగ్గాక ఒక ఆదివారం నీలం కారు బంకులోకి వచ్చింది. అందులోంచి ఒక అమ్మాయి దిగింది.

"టీచర్ గారంటే మీరేనా అండీ?"

"నేనే. నువ్వెవరమ్మా?"

"మీరంతా అడ్డుగోడ అంటారట కదా, ఆయన కూతుర్ని. నాన్న పోయారు. చాన్నాళ్లుగా గుండె బాగాలేదు."

కాంట్రాక్టరు ఇంజను ఆపేశాడు.

"నేను ఆయన్ని నలుగుర్లో నానా మాటలూ అన్నాను," అంది టీచరమ్మ.

"చెప్పారు. ఆ రోజు నవ్వుకుంటూ ఇంటికొచ్చారు. 'ఆవిడ పెద్ద మలుపు తనంతట తనే తిరిగేసింది, ఇక నా పని అయిపోయింది' అన్నారు."

"ఏం పని?"



"నాన్న రేసు డ్రైవర్లకి శిక్షణ ఇచ్చేవారండీ. మీవారూ ఆయన దగ్గరే నేర్చుకున్నారు. ఆస్పత్రిలో ఉన్నప్పుడు నాన్నని పిలిపించుకున్నారు. 'ఎవరు వద్దన్నా మా ఆవిడ ఆ కారు తీస్తుంది. నేర్పుతానంటే మాత్రం వినదు, ఊరందరికీ పాఠాలు చెప్పిన మనిషి. ఏమీ చెప్పకుండా ఆవిడ కారు ముందు మీ కారు నడపండి. కోపంతోనైనా చూసి నేర్చుకుంటుంది' అన్నారట."

టీచరమ్మ తల వంచలేదు. కళ్లు తుడుచుకోలేదు. కారెక్కి కొండ దారి పట్టింది. ప్రతి మలుపుకీ అల్లంత దూరాన బ్రేకు వేసింది.

జీవితమంతా పిల్లలు లేచి నిలబడి పెట్టిన నమస్కారాలు అందుకున్న ఆమె దగ్గర, తన మాస్టారికి పెట్టాల్సిన ఒక్క నమస్కారం అలాగే ఉండిపోయింది.