పులిచారల హెల్మెట్

"దీన్ని మళ్ళీ పాతగా చేసివ్వండి," అంది ఆమె.

షాపతను చేతిలోని తుడుపుగుడ్డ బల్ల మీద పెట్టాడు. డబ్బాలోంచి హెల్మెట్ తీసి నిమిషం కూడా కాలేదు. నారింజ రంగు మీద నల్లని పులిచారలు సరిగ్గా నుదుటి మధ్యలో విడిపోయి రెండు చెవుల వైపూ సాగాయి. ఆ మధ్య గీత కుదిరేసరికి రెండు డిజైను ఫిల్ములు పాడయ్యాయి.

"బాగాలేదా మేడమ్?"

"బాగుంది."

"మరి?"

"పాతగా కావాలి. సాయంత్రానికి."

అతను నవ్వాడు. "అందరూ పాతవి తెచ్చి కొత్తగా చెయ్యమంటారు. ఇలా అడిగింది మీరొక్కరే."

ఆమె నవ్వలేదు. కోపమూ తెచ్చుకోలేదు. బస్సు కోసం నిలబడ్డ మనిషిలా బల్ల ముందు నిలబడింది.

"రంగు గీకేస్తే కింద పాతది ఉండదా?"

"ఉండదండీ." వెనకనున్న నీళ్ళ తొట్టి చూపించాడు. "డిజైను ఫిల్ము ఈ నీళ్ళ మీద మీగడలా తేలుతుంది. వస్తువును దాంట్లో ముంచితే చుట్టుకుంటుంది. అయితే నునుపు మీద ఏదీ పట్టదు. అందుకని ముందు ఉప్పుకాగితంతో బాగా రుద్దేస్తాం. పాత ఎరుపు, గీతలు, స్టిక్కరు అన్నీ అప్పుడే పోయాయి."

"వెనక వాడి పేరు రాసుకున్నాడు. తెల్ల రంగుతో."

"అదీ పోయింది. తెచ్చిన రోజే చెప్పాను కదా."

"చెప్పారు."

"బోర్డు కూడా పెట్టాను చూడండి. రాయించిందీ నేనే, చదివేదీ నేనే."

ఆమె తలెత్తి చదివింది. కింద ఏమున్నా చెరిగిపోతుంది. ఒకసారి వచ్చిన డిజైను అచ్చం అలాగే మళ్ళీ రాదు. సొట్టలు దాగవు. పని పూర్తయి ఆరడానికి వారం పడుతుంది, అందాకా వేరే హెల్మెట్ వాడుకోండి.

చివరి వరుస దగ్గర ఆమె చూపు చాలాసేపు ఆగింది.

"అబ్బాయికి చెప్పకుండా పుట్టినరోజుకి ఇద్దామన్నారు," అన్నాడు అతను. "రెండుసార్లు ఫోన్ చేశాను, మీరు ఎత్తలేదు. ఆ రోజు దాటిపోయిందా ఏమిటి?"

"దాటింది."

"అయితే ఏం, ఇప్పుడివ్వండి. నచ్చలేదంటే నా దగ్గరికి పంపండి. ఆల్బమ్ చూసి తనే ఎంచుకుంటాడు."

"ఇబ్బంది వాడితో కాదు. వాళ్ళ నాన్నతో."

"ఓహో, సార్‌కి పులి పడదా." అతనికి సంగతి తెలిసిపోయినట్టనిపించింది. రంగులు చూసి చిందులు తొక్కే నాన్నలు అతనికి కొత్త కాదు.

"హెల్మెట్ వాడి అలమారలో ఉందని ఆయనతో చెప్పాను. ఇవాళ ఇంటికి రాగానే తీసి చూపించమన్నారు."

"పోనీ ఎరుపు కొట్టిస్తాను. కానీ గీతలవీ ఉండవుగా, గుర్తుపట్టేస్తారు."

"గీతలు కూడా పెట్టండి. కుడి పక్క మూడు. మెట్ల మీంచి దొర్లినప్పటివి. ఎడమ పక్క ఒకటి, పొడుగుది." గాలిలోనే వేలితో గీసి చూపించింది.

అతను తల గోక్కున్నాడు. "పెట్టొచ్చు. కానీ ఎరుపు ఆరడానికే మూడు రోజులు. సాయంత్రానికంటే నా వల్ల కాదు."

ఆమె హెల్మెట్ దగ్గరకు లాక్కుని అద్దం పైకెత్తింది. లోపలికి ముఖం ఆనించి, వాసన చూసి, మళ్ళీ బల్ల మీద పెట్టింది.

"లోపలి మెత్తలు కూడా ఉతికించాను," అన్నాడు అతను. "చెమట వాసన ఇసుమంతైనా ఉండదు."

"లేదు," అంది.

అతను గొంతు తగ్గించాడు. "నా మాట వినండి మేడమ్. 'నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను, పిల్లాడికి తెలియనే తెలియదు' అని సార్‌తో చెప్పేయండి. ఓ మాట అంటారు, ఊరుకుంటారు. ఇంతోటి రంగుకి దాపరికం ఎందుకు?"

ఆమె హెల్మెట్‌ను డబ్బాలో పెట్టింది. మూత సరిగా పడకపోతే తీసి మళ్ళీ పెట్టింది.

"మీకిచ్చిన మర్నాడు పొద్దున వాడు దీనికోసం ఇల్లంతా వెతికాడు," అంది. "నేను వంటింట్లో నవ్వు ఆపుకుంటూ, ఒక్క రోజుకేం కాదులే, వెళ్ళిరా అన్నాను."

అతను డబ్బా వైపు చూశాడు.

"పెట్టుకోకుండా ఎందుకెళ్ళావురా అని వాళ్ళ నాన్న రోజూ వాడి ఫొటోని అడుగుతున్నారు."