ఎవరూ అడగని ఊరు

"లే. సామాను సర్దుకుందాం," అన్నాడు అతను, మంచం కింద నుంచి పెట్టె లాగుతూ.

భార్య కదల్లేదు. తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని తడి జుట్టు ఆరబెట్టుకుంటోంది.

"ఇప్పుడు ఏం కొంప మునిగిందని?"

"ఇంటావిడ అడిగిందట కదా నిన్ను. కింద వాళ్ళ కుట్టు మిషన్ నేను బాగుచేస్తుంటే నాతోనే అంది, 'మీ ఆవిణ్ణి పిల్లల సంగతి అడిగాను బాబూ' అని. మాట పూర్తికాకముందే పైకి వచ్చేశాను."

అడిగితే ఊరు మారడం వాళ్ళకు అలవాటు. చూడ్డానికి ఏమీ లేని ఊళ్ళనే వెతుక్కుని వెళ్తారిద్దరూ. ఉప్పుమళ్ళు తప్ప మరేమీ లేని ఊరు, గని మూతబడి సగం ఇళ్ళకు తాళాలు వేలాడే ఊరు, పడవ తప్ప దారి లేని లంక. ఒక్కోచోట ఒక్కో కాలం కాపురం. కుట్టు మిషన్ లేని ఊరు ఉండదు కాబట్టి అతని చేతికి పని దొరుకుతూనే ఉంటుంది. 'మీకేం, రాజాల్లా లోకం చుట్టేస్తున్నారు' అని వదిన ఫోన్లో కుళ్ళుకుంటుంది.

ఏ ఊరైనా కొత్తవాళ్ళను కొన్నాళ్ళు దూరంగానే ఉంచుతుంది. వాళ్ళకు కావలసింది ఆ కొన్నాళ్ళే. ఆ తర్వాత ఎవరో ఒకరు చనువుగా పక్కన చేరి 'పిల్లలెంతమంది?' అంటారు. మర్నాడు వీళ్ళు బస్సెక్కుతారు.

"నేను రాను," అంది ఆమె.

"వేళాకోళమా?"

"పటంలో చుక్క కూడా లేని ఊళ్ళన్నీ తిప్పి నాకు చుక్కలు చూపించారు. ఇక చాలు."

అతను బట్టలు పెట్టెలో కుక్కుతూనే ఉన్నాడు. "రేపు మెట్ల మీద ఎదురై మళ్ళీ అడుగుతుంది. ఏం చెప్తావు?"

"చెప్పేశాను."

చొక్కా అతని చేతిలోనే ఆగిపోయింది. "ఏమని?"

"ఒక పాప ఉండేది అని."

ఆ మాట ఆమె నోట ఇంతవరకు రాలేదు. ఆసుపత్రి నుంచి వట్టి చేతులతో ఇంటికి వచ్చిన రోజున ఎవరో అడిగితే కూడా, 'ఉంది' అనే అంది.

"అనగలిగావా?" అన్నాడు అతను.

"మింగుతూ, ఆగుతూ, ఏదోలా అనేశాను. అన్నాక కాస్త ఊపిరాడింది. మీరూ ఒకసారి అని చూడండి."

అతను అనలేదు. కానీ పెట్టెలోంచి బట్టలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ కొక్కేలకు తగిలించాడు.

"ఉందాంలే," అన్నాడు చివరికి. "ఇక్కడే ఉండిపోదాం."

మెట్ల మీద ఏదో ఈడుస్తున్న చప్పుడైంది. ఇంటావిడ ఆయాసపడుతూ వచ్చి, పిల్లలు పడుకునే చిన్న మంచం ఒకటి గడప దాటించింది.

"ఏమమ్మాయ్, ఒక పాప ఉందని ఇన్నాళ్ళకా చెప్పడం? మీ ఆయన మరీను, ఆ మాట ఎత్తగానే తేలు కుట్టినట్టు లేచి పరిగెత్తాడు. ఎవరి దగ్గర వదిలారు, అమ్మమ్మ దగ్గరా? పిలిపించుకోండి చెప్తాను. ఈ మంచం మా మనవడిది. ఇప్పుడు వాడి కాళ్ళు కూడా పట్టవు దీన్లో."

'డే' అన్న ఒక్క అక్షరం ఆమె గొంతు దాటి రాలేదు. 'ఉండేది' కాస్తా ఇంటావిడ చెవికి 'ఉంది' అయి చేరింది.

అతను భార్య వైపు చూశాడు. ఆమె అప్పటికే మంచం పక్కన చతికిలబడి, అరచేత్తో కోళ్ళ మీది దుమ్ము తుడుస్తోంది. ఆ తప్పు దిద్దే ఓపిక ఆమెకు లేదు. ఇక దిద్దాల్సింది తనే. పెద్దావిడను కూర్చోబెట్టి ఒక్క మాట చెబితే చాలు. అతను పెదాలు తడుపుకున్నాడు.

"చెప్పు బాబూ, ఎక్కడ వేద్దాం?" అంది ఇంటావిడ. "కిటికీ పక్కనైతే వీధి కనిపిస్తుంది. పిల్లకి పొద్దుపోతుంది."

"కిటికీ పక్కన వద్దండీ," అన్నాడు అతను. "మా పాపకి చలిగాలి పడదు."