బుచ్చమ్మ పసుపు

“గా సీస మూత తీసినవంటే చెయ్యి విరగ్గొడ్త!”

బుచ్చమ్మ చేతిలో అట్లకాడ ఉంది కాబట్టి ఆ మాటకు బలం ఉంది. అయినా నిహారిక మూత తీయనే తీసింది. అద్దం ముందు కూర్చుని, నాలుగు చుక్కలు వేళ్ల మీద వేసుకుని బుగ్గలకు పట్టించింది. రహమత్ నగర్‌లో ఆ గల్లీ గల్లీ అంతా బుచ్చమ్మ నోటికి భయపడుతుంది, తల్లి పోయినప్పటి నుంచి ఆమె చేతుల్లో పెరిగిన ఈ మనవరాలు తప్ప.

“మొహం జూస్కున్నవా? పొక్కులు లేని జాగ లేదు.”

“చూస్కున్న నానమ్మ. మంచిగ పనిచేస్తున్నది.”

“పనిచేసుడంటే గిట్లుంటదా? నీ కండ్లు గిట్ల పోయినయా ఏంది?”

మొన్నమొన్నటి దాకా ఆ మొహం కడిగిన ముత్యంలా ఉండేది. ఆ ముత్యాన్ని సినిమాల్లో ఎవరూ చూడకపోవడమే వచ్చిన చిక్కు. పెళ్లి సీనులో హీరోయిన్ వెనక ఎక్కడో నిలబడి అక్షింతలు వేసేది నిహారికే. కాలేజీ సీనులో ఆఖరి బెంచీ మీద కూర్చునేదీ నిహారికే. షూటింగులకు జూనియర్ ఆర్టిస్టులను పంపే ఆదినారాయణ ఒకనాడు దాచుకోకుండా చెప్పేశాడు. “నీ మొహానికి వంక పెట్టలేమమ్మా. కానీ అలాంటి మొహాలు కృష్ణానగర్‌లో గల్లీకి పదున్నాయి.”

ఆ మాట ఆమె కడుపులో పడి అరగలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తన మొహాన్ని జనం ఆగి చూడాలి. ఈ ఏడాది అది జరక్కపోతే మేనత్త టైలరింగ్ షాపులో కూర్చుంటానని నాయనమ్మకు మాట కూడా ఇచ్చింది.

అలాంటి పిల్లకు ఈ డబ్బా పిచ్చి పట్టుకుంది. ఫోనులో మేధ అనే అమ్మాయి రోజూ కనిపిస్తుంది. లక్షల మంది ఆమె మాట వింటారట. నాలుగు సీసాలు, రెండు ట్యూబులు ఏరి గులాబీరంగు డబ్బాలో ‘మేధ కిట్’ అని సర్ది, “నా చెల్లెళ్ల కోసం నేనే ఎంచాను” అని అమ్ముతుంది. త్వరలో దానికి పెద్ద యాడ్ కూడా తీయిస్తానని చెబుతోంది. ఆ వీడియో కింద కొన్నవాళ్లు పెట్టిన శాపనార్థాలను నిహారికే నాయనమ్మకు చదివి వినిపించింది. ఒకామెకు బుగ్గలు మండాయట. ఇంకొకామెకు పొక్కులు లేచాయట, వాడటం మానేశాకే తగ్గాయట. అన్నీ ఓపిగ్గా చదివి, ఆ పూటే తనకూ ఒక డబ్బా తెప్పించుకుంది. చూస్తూ చూస్తూ గోతిలో దూకడమంటే ఇదేనని బుచ్చమ్మ నెత్తి కొట్టుకుంది.

పసుపులో వేపాకు నూరి పట్టు వేస్తే నిహారిక కడిగేసుకుంది. యూసుఫ్‌గూడలో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకుపోతుంటే దారిలోనే ఆటో దిగి వెనక్కి నడిచింది.

ఇంతలో ఫిలింనగర్‌లో ఏదో యాడ్‌కు అమ్మాయిలను ఎంచుతున్నారని ఆదినారాయణ కబురు పెట్టాడు. అక్కడికి మేధ స్వయంగా వస్తోందని తెలిసి బుచ్చమ్మ కొంగు నడుముకు బిగించింది.

“నేనూ వస్త. గా పిల్లను నిలదీస్త.”

“వద్దు నానమ్మ, నీ కాళ్లు మొక్కుత.”

“నా మనుమరాలి మొహం ఖరాబు జేస్తే సప్పుడుజెయ్యకుంట కూసుంటనా? షేక్‌పేటల కూరగాయలమ్మిన నోరే ఇది!”

ఆఫీసు వరండాలో నున్నటి బుగ్గల అమ్మాయిలు వరసగా కూర్చుని ఉన్నారు. నిహారికను చూసి, అంటుకుంటుందేమో అన్నట్టు పక్కకు జరిగారు. నిహారిక తల ఎత్తుకునే వెళ్లి వాళ్ల మధ్య కూర్చుంది. ఆ ధైర్యం చూసి బుచ్చమ్మకు కోపంలోనూ ముచ్చటేసింది.

కాసేపటికి మేధ బయటికి వచ్చింది. నిహారిక ముందు ఆగి, గడ్డం పట్టి వెలుతురులోకి తిప్పింది.

“ఇంతకుముందు మా కిట్ ఎప్పుడైనా వాడావా అమ్మా?”

బుచ్చమ్మ నోరు తెరిచింది. నిహారిక ఆమె చెయ్యి గట్టిగా నొక్కి పట్టుకుంది.

“లేదు మేడమ్. ముట్టనే లేదు.”

మేధ ఆమెను ఫొటోలు తీయించడానికి లోపలికి తీసుకుపోయింది. బుచ్చమ్మకు తల కొట్టేసినట్టయింది.

“ఎందుకు బొంకినవే? గంత భయమా దాన్ని జూస్తే?” అంది తిరుగుదారిలో.

“భయమేంది? నాకు గావాల్సింది దొరికింది.”

ఇంటికి రాగానే నిహారిక గులాబీ డబ్బాను చెత్తబండిలో పడేసింది. చాప మీద వెల్లకిలా పడుకుని, “ఇగ నీ పసుపు తే నానమ్మ” అంది. మొండిఘటం లొంగిందని బుచ్చమ్మ సంబరపడిపోయింది. పూటపూటకూ నూరి పట్టు వేసింది. పొక్కులు ఎండాయి, మచ్చలు పోయాయి, ముత్యం మళ్లీ బయటపడింది. ఆఫీసువాళ్లు మళ్లీ పిలిచి ఫొటోలు తీసుకున్నారు. మొహం బాగైనందుకే పిలిచి ఉంటారని బుచ్చమ్మ అనుకుంది.

కొన్నాళ్లకు నిహారిక ఆమెను జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ మెట్రో స్టేషన్‌కు తీసుకుపోయింది.

మెట్ల పక్క గోడ నిండా నిహారికే. ఎడమ పక్క పొక్కుల మొహం, కుడి పక్క ముత్యంలాంటి మొహం, నడుమ గులాబీ డబ్బా. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ నిజంగానే ఆగి చూస్తున్నారు. బుచ్చమ్మకు కళ్లు నిండాయి. అక్షరం ముక్క రాకపోయినా ఆమెకు అంతా అర్థమైంది. అది డబ్బా చేసిన పాడు, ఇది తన పసుపు చేసిన బాగు. నడుమ ఆ డబ్బాను దొంగను నిలబెట్టినట్టు నిలబెట్టారు.

“సూడుండ్రి బిడ్డా, నా మనుమరాలే! ఇగ ఎవ్వలు కొనకుండ్రి గా డబ్బ!” అని దారినపోయే పిల్లలను ఆపి మరీ చెప్పింది. తర్వాత గర్వంగా మనవరాలి వైపు తిరిగింది. “కింద గదేనా రాసింది? జర సదువు.”

నిహారిక మొదటిసారి నాయనమ్మ కళ్లలోకి చూడలేకపోయింది.

“‘మేధ కిట్ వాడకముందు, వాడిన తర్వాత.’”