ముందు మాట చెప్పు

“ఆగు. ముందు మాట చెప్పు,” అన్నాడు దానియేలు ఫోన్‌లో.

అవతల ఏడుపు ఒక్క క్షణం ఆగింది. “ఏం మాట డాడీ? నేను షారోన్ని! క్యాంపస్‌ల ఎవరో నా ఫోన్ గుంజుకొని బండి మీద అడిక్‌మెట్ దిక్కు పోయిండ్రు. ఇది వేరేవాళ్ల ఫోన్. మన బ్యాంకుది ఓటీపీ వస్తది, అది మీరు...”

“ఆ ముక్క ఇంకా రాలేదేంటా అని చూస్తున్నా! మాట చెప్పు!”

గొంతు అచ్చం కూతురిదే. ఏడుస్తూ ముక్కు ఎగబీల్చడం కూడా అదే. కానీ దానియేలు అంత తేలిగ్గా పడే మనిషి కాదు. రేపల్లె నుంచి ఉద్యోగానికొచ్చి తార్నాకలో స్థిరపడ్డ ఈ పెద్దమనిషంత జాగ్రత్తపరుడు ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. ఉంటే వాణ్ణీ అనుమానించేవాడు. ఫోన్ కెమెరా కంటికి దెబ్బలకు వేసే ప్లాస్టర్ అంటించాడు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు గోడమీద బల్లి ఉంటే దాన్నీ తరిమేవాడు. చర్చిలో పాస్టరుగారు ఆమెన్ అనడమే ఆలస్యం, లేచి నిలబడి ఓటీపీ దొంగల మీద ఇంకో ప్రసంగం అందుకునేవాడు. జనానికి నరకం కన్నా ఆ రెండో ప్రసంగమంటేనే భయం.

భయం ఆయనకీ ఉంది. యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తాగా రిటైరైనప్పుడు చేతికొచ్చిందంతా ఒకే ఖాతాలో ఉంది. ఇక్కడే పుట్టి పెరిగిన షారోను పైచదువుకీ, తమ ముసలితనానికీ అదే దిక్కు. నెట్‌లో ఆ ఖాతా చూసేది షారోను, ఓటీపీ వచ్చేది ఈయన ఫోనుకి. ఇద్దరూ కలిస్తేగాని తాళం తెరుచుకోదు. గొంతులు కూడా దొంగిలించే రోజులొచ్చాయని విన్న నాడే, మనవాళ్లెవరో పోల్చుకోడానికి ఇంటికో రహస్యమాట ఉండాలని పట్టుబట్టాడు. ఆ పూట పెసరట్లలోకి ఉల్లిపాయలు తరుగుతున్నాడు గనక అదే రహస్యమాట అయింది. ఎవరికీ చెప్పొద్దని మరీ మరీ రాసి, భార్యకీ కూతురికీ వాట్సాప్‌లో పంపాడు. అక్షరం తేడా వచ్చినా ఒప్పుకోనన్నాడు.

“ఆ మాటా!” అంది గొంతు ఆత్రంగా. “ఉల్లిగడ్డ! ఉల్లిగడ్డ డాడీ!”

దానియేలు ఇంక వినలేదు. ఠక్కున కట్ చేసి, ఆ నంబరు బ్లాక్ చేశాడు. సగం మాట దొంగలకి తెలిసిపోయింది! ఉల్లి దాకా వచ్చేశారు. ఇంక పాయ ఒక్కటే మిగిలింది.

ఫోన్ మళ్లీ మోగింది. ఇంకో కొత్త నంబరు.

“డాడీ, పెట్టెయ్యకండి! దేవుని తోడు, నేనే! ఎవరిని అడిగినా ఫోన్ ఇస్తలేరు, బతిమాలి తీసుకున్న...”

“మాట?”

“చెప్పిన కదా! ఉల్లిగడ్డ!”

“దగ్గరికొచ్చావు గానీ దొరకలేదమ్మా. మీ గురువుగార్ని అడిగి మళ్లీ చెయ్యి.”

వేళాకోళమైతే ఆడాడు గానీ, బ్లాక్ చేసే బటన్ ఎక్కడుందో ఆయనకి దొరకలేదు. ఇంత బాగా గొంతు దించారంటే పిల్లని ఏం చేశారో! ఆ దిగులుతో ఖాతా సంగతి కూడా మరిచిపోయాడు. షారోను నంబరుకి చేశాడు. మోగి కట్ అయింది. మళ్లీ చేశాడు. మళ్లీ కట్. క్యాంపస్‌కి పరుగెత్తుదామని చెప్పులేసుకుంటే ఒకటి తనదీ, ఒకటి భార్య రత్నమ్మదీ. గడప దాటలేక అక్కడే నిలబడి కూతురి నంబరుకే వాట్సాప్‌లో మెసేజ్ కొట్టాడు.

“అమ్మా, ఎక్కడున్నావు? క్షేమమేనా?”

“లైబ్రరీలో ఉన్నా. మాట్లాడకూడదు. ఏంటి?” అని జవాబొచ్చింది.

దానియేలు గడప మీదే కూలబడ్డాడు. కళ్లు చెమర్చాయి. అయినా రూలు రూలే.

“నీ గొంతుతో దొంగలు ఫోన్ చేస్తున్నారు. ముందు మన మాట చెప్పు.”

టైపింగ్ అని కనిపించింది. ఆగిపోయింది. చాలాసేపు ఏమీ లేదు. ప్రభువా, ప్రభువా అనుకున్నాడు దానియేలు. మళ్లీ టైపింగ్.

“ఉల్లిపాయ.”

ఆయన ఫోన్‌ని ముద్దు పెట్టుకున్నాడు.

“ఖాతా వెంటనే మూసెయ్యాలి డాడీ,” అని ఇంకో మెసేజ్. “మీకు నంబరు వస్తుంది, పంపండి.”

పంపాడు. మరొకటొస్తే అదీ పంపాడు. బ్యాంకు మెసేజీలు టింగు టింగుమని పడుతుంటే, ఒక్కో తలుపుకీ గడియ పడుతున్నట్టే వినిపించింది ఆయనకి. మధ్యలో ఇంకేదో కొత్త నంబరు ఆగకుండా మోగుతూనే ఉంది. “ఏడువు, ఇంకా ఏడువు,” అనుకున్నాడు గానీ ఎత్తలేదు.

స్త్రీల ప్రార్థనకి వెళ్లిన రత్నమ్మ అప్పుడే మెట్లెక్కి వచ్చింది. గడప మీద కూర్చున్న భర్తనీ, ఆయన కాళ్లకున్న చెప్పుల్నీ మార్చి మార్చి చూసింది.

“ఏమైందండీ?”

“పెద్ద గండం గడిచింది రత్నం!” అని మొదలెట్టి, ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పాడు. “పిల్లది సమయానికి మాట చెప్పబట్టి బతికిపోయాం. ఆ దొంగది గొంతైతే దించింది గానీ, ఉల్లిపాయ అనాల్సిన చోట ఉల్లిగడ్డ అంటుందే!”

రత్నమ్మ నవ్వలేదు. చేతిలోని బైబిలుని గుండెకి అదుముకుంది.

“మన షారోను ఏనాడైనా ఉల్లిపాయ అందా అండీ?”