మూడో ప్రశ్న

చనిపోయి పదహారు రోజులైన డాక్టర్ నిరంజన్, మొన్న సోమవారం తేదీ వేసి ఉన్న ఫారంలో తనకు రాత్రిళ్ళు బాగా నిద్ర పడుతోందని రాశాడు.

సరళకుమారి ఆ ఫారం రెండోసారి చదివింది. ఫైలు వెనక్కి తిప్పింది. అంతకు ముందు సోమవారం ఫారం కూడా ఉంది. రెండింటి అడుగునా, 'చూశాను' అన్న ముద్ర పక్కన సంతకం ఆమెదే.

ఫరీదాబాద్‌లోని ఆ ఆసుపత్రికి ఆమె నర్సింగ్ సూపరింటెండెంటు. రెండువేల ఏడులో అక్కడ టీవీ తెర మీద మానసిక వైద్యం మొదలుపెట్టారు. రోగులు ఎక్కడో కొండప్రాంతాల్లో, డాక్టరు ఇక్కడ అద్దాల గదిలో. రోజుకు నలభై మంది ఏడుపులు వినే డాక్టర్ల బాగోగులు కనిపెట్టడానికి యాజమాన్యం వారానికో ఫారం పెట్టింది. అయిదు ప్రశ్నలు. మూడోది నిద్ర గురించి.

నిరంజన్ పన్నెండు గంటల డ్యూటీ ముగించుకుని ఆర్.కె. పురంలోని ఇంటికి వెళ్తూ స్టీరింగ్ మీదే కునుకు తీశాడు. కారు డివైడరుని గుద్దుకుంది.

నాలుగింటికి విచారణ కమిటీ. ఈ దొంగ ఫారాలు ఎవరు రాశారో తేలకపోతే, చూడకుండా చూశానన్నందుకు పోయేది సరళకుమారి ఉద్యోగమే.

గుమాస్తా పార్థసారథిని పిలిపించింది. కాకినాడ మనిషి. అతని అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. ఫారంలోవీ అలాగే ఉన్నాయి.

"ఎందుకు రాశావు?"

"నేను రాయలేదు సిస్టరమ్మా. సోమవారం నాడు డాక్టర్ల ట్రేల్లోంచి ఆ తేదీ కాగితం తీసి మీ బల్ల మీద పెడతాను. అంతే. చదవను."

"పోయినాయన ట్రేలోకి కాగితం నడిచొచ్చిందా?"

"అది నాకేం తెలుసండీ? మీరూ చదవలేదు కదా!"

సరళకుమారికి కారం రాసినట్టయింది. "లెక్క తక్కువైతే పెద్దసారు తిడతాడని నువ్వే నింపి, సంతకం కూడా దింపేశావు. ఒప్పుకో."

"అన్నవరం సత్యదేవుడి మీద ఒట్టు!"

"ఠీక్ హై. ఆ ఒట్టేదో కమిటీ ముందు వెయ్యి."

అప్పుడే తలుపు తోసుకుని రేవతి వచ్చింది. నిరంజన్ భార్య. కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. భర్త కోటూ టిఫిన్ డబ్బా తీసుకెళ్ళడానికి వచ్చింది. ప్రమాదం జరిగిన దగ్గర్నుంచి ఆమె ఫోన్లో అడిగింది ఒకటే మాట: "ఊళ్ళో వాళ్ళ మనసులన్నీ బాగుచేస్తారే, మీ పక్క గదిలో మనిషి కూలిపోతుంటే ఒక్కరికీ కనబడలేదా?"

ఆ మాటకి జవాబు సరళకుమారికి ఇవాళ దొరికింది.

"చూడండి మేడమ్," ఫైలు ఆమె ముందుకు తోసింది. "డాక్టరుగారు హాయిగా నిద్రపోతున్నారని ఇతను దొంగరాతలు రాశాడు. మాకెలా తెలుస్తుంది చెప్పండి?"

పార్థసారథి చేతులు జోడించాడు. "నేను కాదు మేడమ్. నా ఉద్యోగం పోతుంది."

రేవతి మొన్నటి ఫారం చూసింది. ఇంకోటి తిప్పింది. ఇంకోటి. పోయిన ఏడాదివి. అన్నిట్లోనూ మూడో ప్రశ్న కింద ఒకటే దస్తూరి, ఒకటే మాట. బాగా పడుతోంది.

ఆమె కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"అతన్ని వెళ్ళనివ్వండి," అంది.

"వెళ్ళనివ్వడమేంటి మేడమ్? పోలీసులకి అప్పగించాలి! మీ ఆయన ప్రాణం తీసిన రాతలివి. ఎవరు రాశారో తేలాలా, వద్దా?"

రేవతి ఫైలు మీంచి చెయ్యి తీయలేదు.

"ప్రతి నెలా మొదట్లో నాలుగు వారాల ఫారాల మీదా ముందే తేదీలు వేసి, ఉత్త సంతకాలు పెట్టి నా ముందు పడేసేవారు సిస్టర్, నిద్ర పడుతోందా అని ఒక్కసారీ ఆయన్ని అడక్కుండా, టీవీ చూస్తూ అన్నీ నేనే నింపి పంపేదాన్ని."